ర్యాంప్ మీద టైలుకి ఓకే చెప్పింది ఎవరు? ఒక ఆసుపత్రి పని, మా ఆఫీసు క్యాటలాగుల గొడవ

జులైలో ఒక సోమవారం పొద్దున్నే కాకినాడ నుంచి డాక్టర్ గారు ఫోన్ చేశారు. ముందురోజు రాత్రంతా వాన. ఆసుపత్రి ఎంట్రన్స్ ర్యాంప్ తడిగా ఉంది, పేషెంటు కోసం వచ్చిన ఒక పెద్దావిడ జారిపడితే మణికట్టు విరిగింది. ఆసుపత్రికి వచ్చి చెయ్యి విరగ్గొట్టుకున్నారన్న మాట ఊళ్ళో పాకితే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు, అయినా గొంతు పెంచలేదు. ఒక్కటే అడిగారు: "మేడం, అక్కడ వేసింది మీరు రాసిన టైలేనా?"

"చూసి చెప్తానండీ" అన్నాను. చూసి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆవిడ పడిపోయిందన్న బాధ ఒకెత్తు, మేమే కట్టించిన బిల్డింగ్‌లో ఏ టైలు ఉందో, ఎందుకుందో చెప్పలేకపోయామన్న సిగ్గు ఇంకో ఎత్తు. ఈ కేసు రాస్తున్నది రెండో దాని గురించే.

మాది హైదరాబాద్‌లో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు, నాతో కలిపి 9 మందిమి. ఇళ్ళు, స్కూళ్ళు, చిన్న ఆసుపత్రులు చేస్తాం. ఇది 40 పడకల ఆసుపత్రి, నాలుగు అంతస్తులు. సముద్రం దగ్గర ఊరు కాబట్టి ఉప్పుగాలి, ఏడాదిలో చాలా నెలలు తేమ, దాని మీద వానాకాలం. ఈ సంగతులు డిజైన్ చేసేటప్పుడు మాకు బాగానే గుర్తున్నాయి, కిటికీల మీద ఛజ్జాల కొలతల్లో కూడా ఉన్నాయి. మెటీరియల్స్ రాసే దగ్గరికి వచ్చేసరికి ఎటుపోయాయో తెలీదు.

అప్పట్లో మా ఆఫీసులో కంపెనీల సమాచారం నాలుగు చోట్ల ఉండేది. గోడ పొడుగునా ఒక రాక్ నిండా క్యాటలాగులు, మెట్ల కింద అట్టపెట్టెల్లో టైళ్ళు, లామినేట్ ముక్కలు, సర్వర్‌లో ఒక ఫోల్డర్ (దాంట్లో "లేటెస్ట్", "న్యూ లేటెస్ట్", "ఫైనల్ వాడండి" అని సబ్‌ఫోల్డర్లు, నవ్వకండి, మీ ఆఫీసులోనూ ఉంటాయి), ఇక నాలుగోది అందరి ఫోన్లు. నిజంగా పని నడిచేది ఆ నాలుగో దాంట్లోనే. సేల్స్ వాళ్ళు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపేస్తారు, ఎవరికి పంపితే వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది, ఆ అమ్మాయో అబ్బాయో ఉద్యోగం మారితే అదీ వాళ్ళతోపాటే వెళ్ళిపోతుంది.

ఐదోది కూడా ఒకటుంది, అన్నిటికంటే ప్రమాదం అదే. పాత బీఓక్యూ, అంటే పనిలో వాడే ప్రతి వస్తువూ, దాని కొలతా లైను లైనుగా రాసే పట్టిక. కొత్త ప్రాజెక్టు మొదలవగానే జూనియర్ పక్క సీటు వైపు తిరిగి "పోయిన స్కూల్లో గ్రే టైలు ఏది రాశాం?" అని అడుగుతారు, ఆ లైను కాపీ చేసి పెడతారు. ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో అందరికంటే ఎక్కువగా వాడే ప్రాడక్ట్ డేటాబేస్ ఏదంటే ఇదే. ఎవరూ ఒప్పుకోరు గానీ ఇదే.

సరే, రెండు రోజుల తవ్వకంలో తేలిందేమిటంటే...

బీఓక్యూలో ర్యాంప్‌కి రాసిన లైను ఇలా ఉంది: 600 x 600 యాంటీస్కిడ్ విట్రిఫైడ్ టైల్స్, ఫలానా కంపెనీ, ఫలానా కోడ్, ఆర్ ఈక్వలెంట్ (లేదా దానికి సమానమైనది). ఈ లైను మూడేళ్ళ కిందటి ఒక స్కూల్ పనిలోంచి వచ్చింది. అక్కడ ఆ టైలు వేసింది పైకప్పు ఉన్న కారిడార్‌లో, సమతలం మీద. ఇక్కడ వేసేది వాన పడే చోట, 1:12 వాలు మీద. లైను కాపీ అయింది, ఆ లైను ఎందుకు రాశామో ఆ కారణం మాత్రం కాపీ కాలేదు. అసలు కారణం ఎక్కడా రాసి ఉంటేగా కాపీ అవడానికి.

కాంట్రాక్టర్ ఆ కోడ్ పట్టుకుని డీలర్ దగ్గరికెళ్తే "ఆ సిరీస్ ఆపేశారు, అదే కంపెనీలో ఇది చూడండి, ఇదీ యాంటీస్కిడ్డే" అన్నారట. డీలర్ అబద్ధం చెప్పలేదు, క్యాటలాగులో ఆ బొమ్మ గుర్తు ఉంది మరి. కాంట్రాక్టర్ టైలు ఫొటో తీసి సాయంత్రం ఆరున్నరకి ప్రాజెక్టు గ్రూపులో పెట్టారు. మా జూనియర్ దాన్ని నాకు ఫార్వర్డ్ చేసింది. నేను ఇంకో సైట్‌లో స్లాబ్ కాంక్రీట్ దగ్గర నిలబడి ఉన్నాను. ఫొటో చూసి "కలర్ మ్యాచ్ అయితే ఓకే" అని కొట్టాను. తను గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టింది.

అంటే ఓకే చెప్పింది నేనే. రెండు రోజులూ కాంట్రాక్టర్ మీదా, డీలర్ మీదా, లోపల్లోపల ఆ అమ్మాయి మీదా అనుమానపడ్డాక, నా ఫోన్‌లోనే ఆ మెసేజ్ కనపడింది.

తర్వాత రెండు క్యాటలాగులూ పక్కపక్కన పెట్టి చూశాం. పాత టైలు మ్యాట్ ఫినిష్‌లో ఆర్10. కోడ్ చివర ఒక అక్షరం ఉంటేనే మ్యాట్ అట, మేం రాసిన కోడ్‌లో ఆ చివరి అక్షరం లేదు, కాబట్టి పాత సిరీస్ దొరికి ఉన్నా ఏ ఫినిష్ వచ్చేదో దేవుడికే తెలియాలి. కొత్త టైలు ఆర్9. క్యాటలాగు చివరి పేజీల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో, పట్టికలో ఉంది.

ఈ ఆర్ నంబర్ల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని తలకిందులుగా అర్థం చేసుకునేవాళ్ళు చాలామంది. డిన్ 51130 అనేది జర్మన్ పరీక్ష, ఇప్పుడది యూరప్ ప్రమాణం ఈఎన్ 16165లో కలిసిపోయింది. టైళ్ళు పరిచిన పలక మీద ఇంజిన్ ఆయిల్ పోస్తారు, ఒక మనిషి టెస్ట్ బూట్లు వేసుకుని దాని మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటాడు, పలకని మెల్లగా వంచుకుంటూ పోతారు, ఎంత కోణం దగ్గర కాలు జారడం మొదలైందో రాసుకుంటారు. 6 నుంచి 10 డిగ్రీలైతే ఆర్9, 10 నుంచి 19 అయితే ఆర్10, 19 నుంచి 27 ఆర్11, 27 నుంచి 35 ఆర్12, ఆ పైన ఆర్13. అంటే ఆర్9 అనేది ఈ నిచ్చెనలో అన్నిటికంటే కింది మెట్టు. ఆర్1 నుంచి ఆర్8 వరకు ఏవీ లేవు. మన షోరూముల్లో "ఆర్9 మేడం, యాంటీస్కిడ్" అంటుంటే పదికి తొమ్మిది మార్కులొచ్చినట్టు వినపడుతుంది గానీ, అది అత్తెసరు పాసు. ఇక ఆర్10లో కూడా 11 డిగ్రీల టైలూ, 18 డిగ్రీల టైలూ ఒకే పేరుతో తిరుగుతుంటాయి. 1:12 వాలంటే దానికదే దాదాపు 4.8 డిగ్రీలు. ఇక్కడ నడిచేవాళ్ళవి బూట్లు కావు, అరిగిన హవాయి చెప్పులు. నూనె, బూట్లతో చేసిన పరీక్ష మన తడి ర్యాంపుకి సూటిగా వర్తించదు కూడా. వట్టి కాళ్ళతో, సబ్బు నీళ్ళ మీద చేసే పరీక్ష వేరే ఉంది, పాత నంబరు డిన్ 51097, దాంట్లో ఏ, బీ, సీ అని తరగతులుంటాయి. బ్రిటన్‌లో లోలకం పరీక్ష (ఊగే చేతికి రబ్బరు ముక్క పెట్టి టైలు మీద రాపిడి కొలిచేది) వాడతారు, తడి మీద 36 గానీ, ఆ పైన గానీ వస్తే జారే అవకాశం తక్కువ అంటారు. ఆ తర్వాత మేం ఏ కంపెనీని అడిగినా తడి మీద లోలకం రీడింగ్ అడుగుతున్నాం. సగం మంది దగ్గర ఉండదు. లేదని చెప్పడం కూడా సమాచారమే.

ఇంకో తమాషా. మేం అడిగిన ఒక సేల్స్ అబ్బాయి "మా టైలు వాటర్ అబ్సార్ప్షన్ చాలా తక్కువ మేడం, అస్సలు జారదు" అన్నాడు. టైలు మట్టి ఎంత నీరు పీలుస్తుందన్నది ఒకటి, పైతలం మీద కాలు ఎంత పట్టు దొరకబుచ్చుకుంటుందన్నది ఇంకొకటి. టైళ్ళ అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13006లో 0.5 శాతం, అంతకంటే తక్కువ పీల్చే ప్రెస్డ్ టైళ్ళన్నీ బీ1ఏ గుంపులోకి వస్తాయి, అద్దంలా మెరిసే పాలిష్డ్ టైలు కూడా ఆ గుంపులోదే. పాపం ఆ అబ్బాయి తప్పు కాదు, వాళ్ళకి నేర్పిందే అంత.

ర్యాంప్ సంగతి త్వరగా ముగించేస్తాను. టైళ్ళు పీకించి ఫ్లేమ్డ్ గ్రానైట్ (మంటతో పైతలం గరుకుగా చేసినది) వేయించాం, అడ్డంగా గాళ్ళు కొట్టించి. పైన పోర్టికో కప్పు ఇంకో ఆరడుగులు ముందుకి లాగాం, నిజానికి మొదట్లోనే చేయాల్సిన పని అది. ఖర్చు దగ్గర కొంత వాదన జరిగింది, చివరికి తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు కాంట్రాక్టర్, మేము, డాక్టర్ గారు పంచుకున్నాం. పెద్దావిడ చేతికి వైద్యం ఆయనే ఉచితంగా చేశారు.

మొదటి ప్రయత్నం, దాని చావు

అసలు కథ ఆ తర్వాతది. ఇలాంటిది ఇంకోసారి జరగకూడదని మేం చేసిన మొదటి పని పెద్ద తప్పు. అన్ని కంపెనీల సమాచారమూ ఒకేచోట పెట్టేద్దామని ఒక మహా ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాం, 40కి పైగా కాలమ్స్. పద్ధతిగా ఉండాలని, నిర్మాణ వస్తువులని విభాగాలుగా నంబర్లు వేసి పేర్చే అమెరికా వాళ్ళ మాస్టర్‌ఫార్మాట్ నంబర్లు పెట్టుకున్నాం. 2004లో 16 డివిజన్ల నుంచి 50కి పెంచారు చూడండి, అదే. 08 అంటే తలుపులు కిటికీలు, 09 అంటే ఫినిషెస్, అలా. ఇద్దరు ఇంటర్న్ పిల్లలు వేసవంతా కూర్చుని క్యాటలాగుల్లోంచి ఎక్కించారు. దసరా నాటికి అది చచ్చిపోయింది.

ఎందుకు చచ్చిందంటే, మొదటిది, నంబర్లు మాలో ఎవరికీ నోటికి రాలేదు. మా సైట్ ఇంజినీర్ "వాటర్‌ప్రూఫింగ్ ఎక్కడుంది" అని వెతుకుతాడు గానీ 07 అని వెతకడు. రెండోది, ఎక్కించిన రోజే పాతబడిపోవడం మొదలవుతుంది. గుజరాత్‌లోని మోర్బీ వైపు నుంచి వచ్చే టైళ్ళ డిజైన్లు సీజన్ మారినట్టు మారిపోతాయి, వాటి వెనకాల మనం పరుగెత్తలేం. మూడోది అసలైనది: మేం పోగేసింది కంపెనీ చెప్పిన సమాచారం. ర్యాంప్ దగ్గర మాకు లేనిది అది కాదు, ఆర్9 అని క్యాటలాగులో ఉంది కదా! లేనిది మేం ఏం అడిగాం, ఎందుకు అడిగాం అన్న కాగితం. కొండను తవ్వి ఎలుకను పట్టాం.

ఈ జబ్బు మాది మాత్రమే కాదులెండి. అమెరికాలో 1906లోనే అన్ని కంపెనీల క్యాటలాగులూ కలిపి స్వీట్స్ పేరుతో ఇండెక్స్‌తో సహా బైండు పుస్తకం వేసి ఆర్కిటెక్టులకి ఇచ్చారు. అంటే వందేళ్ళకి పైగా వెతుక్కోవడం సులువు చేస్తూనే ఉన్నారు.

ఎంపిక కాగితం

ఆ తర్వాత మేం పెట్టుకున్నది చాలా చిన్నది. ఒక ప్రాజెక్టులో ఒక చోట వాడే ఒక వస్తువుకి ఒక పేజీ. మేం దాన్ని ఎంపిక కాగితం అంటాం. పైన ఉండేది ప్రాడక్ట్ పేరు కాదు, చోటు: "ఎంట్రన్స్ ర్యాంప్, వాన పడుతుంది, 1:12 వాలు, స్ట్రెచర్ వెళ్ళాలి, ఫినాయిల్‌తో తుడుస్తారు." దాని కింద ఈ చోటుకి కావలసిన గుణాలు, నంబర్లతో. ఆ తర్వాతే కంపెనీ పేరు, పూర్తి కోడ్ చివరి అక్షరంతో సహా, ఆ సమాచారం ఎక్కడిది, ఏ తేదీ పీడీఎఫ్, ఏ పేజీ. మేం కంపెనీని అడిగిన ప్రశ్నలు, వాళ్ళు మెయిల్‌లో ఇచ్చిన జవాబులు. వాట్సాప్‌లో వస్తే చెల్లదు, "దయచేసి మెయిల్ చేయండి" అని అడుగుతాం, ఆ ఒక్క మాటకే కొందరు చెప్పిన అంకెలు మారిపోవడం చూశాం. కింద వస్తువు మారితే ఏ గుణం మారకూడదో రాస్తాం. సంతకం, తేదీ.

ఇంతే. సాఫ్ట్‌వేర్ లేదు, నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ లేదు. పేజీలు ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంటాయి, క్యాటలాగులు ఎక్కడ పడి ఉన్నా మాకిప్పుడు పెద్దగా పట్టదు. గోడ మీది రాక్ సగం ఖాళీ చేసి పాత పేపర్లవాడికి వేసేశాం, ఆరోజు ఆఫీసులో అందరికీ సమోసాలు ఆ డబ్బులే.

అన్నిటికీ రాయం, రాస్తూ కూర్చుంటే బిల్డింగ్ లేవదు. ఇంటీరియర్ పెయింట్ షేడ్‌కి ఇంత అక్కర్లేదు. పాడైతే మనిషికి దెబ్బ తగిలేవి, గోడ పగలగొడితే తప్ప మార్చలేనివి, నీళ్ళు ఉప్పు నిప్పు తగిలేవి, వీటికి తప్పనిసరి. ఒక మామూలు ప్రాజెక్టుకి పాతిక ముప్పై కాగితాలు వస్తాయి.

ఇదే ఆసుపత్రిలో మిగిలిన పనులకి ఈ కాగితం వెనక్కి వెళ్ళి రాశాం, అప్పుడు బయటపడ్డవి రెండు చెప్తాను.

ఒకటి, పై అంతస్తు డీలక్స్ రూముల్లో షవర్లు. డాక్టర్ గారి కోడలు హోటల్లో చూసిన పెద్ద రెయిన్ షవర్ కావాలన్నారు, బొమ్మ చూసి మేమూ రాసేశాం. క్యాటలాగులో నిమిషానికి 15 లీటర్లు అని ఉంది. పక్కనే "3 బార్ దగ్గర" అని ఉంది, అంటే అంత ప్రెషర్ ఉంటేనే అని, అది ఎవరూ చదవలేదు. మన దగ్గర పై అంతస్తుకి నీళ్ళు వచ్చేది టెర్రస్ మీద ట్యాంకు నుంచి. 10 మీటర్ల ఎత్తుకి దాదాపు 1 బార్, మన ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య ఎత్తు 3 మీటర్లు కూడా సరిగా లేదు, అంటే 0.3 బార్. ప్రెషర్ పదో వంతైతే ధార పదో వంతు కాదు, వర్గమూలం లెక్కన సుమారు మూడో వంతు వస్తుంది, పైపుల్లో పోయేది పోగా నిమిషానికి 5 లీటర్లు కూడా రావు. అంత పెద్ద పళ్ళెం లాంటి షవర్ నుంచి వాన కాదు, తాటాకు చూరు కారినట్టు కారుతుంది. కంపెనీ వాళ్ళు తప్పు రాయలేదు, వాళ్ళు రాసిన షరతు మన బిల్డింగ్‌లో లేదు. ప్రెషర్ పంపు పెట్టాలా, షవర్ మార్చాలా అన్న చర్చలో షవరే మారింది, బిగించకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు మా కాగితంలో నీళ్ళ సామాను ఏదైనా సరే "మా దగ్గర ప్రెషర్ ఎంత" అన్నదే మొదటి లైను.

రెండోది హ్యాండ్‌రెయిల్స్. బీఓక్యూలో "ఎస్‌ఎస్ రెయిలింగ్" అని ఉంది. ఎస్‌ఎస్ అంటే స్టెయిన్‌లెస్ స్టీలే, కానీ ఏ గ్రేడు? మార్కెట్లో తక్కువ ధరకి దొరికేది 202, దాంట్లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం, ఉప్పుగాలికి తట్టుకునేది అదే. మూడూ కొత్తగా ఉన్నప్పుడు ఒకేలా తళతళలాడతాయి. మేస్త్రీ జేబులోంచి అయస్కాంతం తీసి "అంటుకోవట్లేదు చూడండి మేడం, మంచి స్టీలే" అని చూపించారు. ఆ పరీక్ష 202కీ 304కీ తేడా చెప్పదు, రెండూ అయస్కాంతానికి దాదాపుగా అంటుకోవు. మాంగనీస్ ఎక్కువుంటే రంగు మారే చుక్కల మందు దొరుకుతుంది, అది వేసి చూస్తే బయట బాల్కనీలకి తెచ్చిన లోడులో సగం 202 అని తేలింది. సప్లయర్ మాత్రం 304 అని స్టీలు ఫ్యాక్టరీ ఇచ్చే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ చూపించారు. ఆ సర్టిఫికెట్ మీది హీట్ నంబరు, అంటే ఆ స్టీలు ఏ కరిగింపులోదో చెప్పే నంబరు, పైపుల మీద ఎక్కడా లేదు. అంటే కాగితం నిజమైనదే అయి ఉండొచ్చు, అది ఈ పైపులది మాత్రం కాదు. వెనక్కి పంపి, బయటి వాటికి 316, లోపలి వాటికి 304 తెప్పించాం. ధర ఎంత పెరిగిందో డాక్టర్ గారికి చెప్పేటప్పుడు కాస్త టెన్షన్ పడ్డాను. ఆయన "ఇంప్లాంట్లలో మేం వాడేది కూడా 316 ఎల్లే కదమ్మా" అన్నారు, వెంటనే ఒప్పుకున్నారు. డాక్టర్ క్లయింట్ అవడం ఒక్కోసారి కలిసొస్తుంది.

దీనివల్ల టెస్ట్ రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. చూసేవి ఇవి: సాంపిల్ ఎవరిచ్చారు, దాని సైజు మందం ఎంత, తేదీ ఏమిటి, ల్యాబ్‌కి ఆ పరీక్షకి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా. ఐఎస్ఐ గుర్తు ఉంటే కింద సీఎం/ఎల్ లైసెన్సు నంబరు, ఆ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తాం, అర నిమిషం పని, ఏ కంపెనీకి ఏ వస్తువుకి లైసెన్సో వస్తుంది. ఫైర్ డోర్లలో ఈ గొడవ మరీ ఎక్కువ, రిపోర్టు ఒక సైజు సింగిల్ డోర్‌ది ఉంటుంది, మనకి అమ్మేది అద్దం పెట్టిన డబుల్ డోర్. రెండు గంటలు ఆగింది ఆ తలుపు, ఈ తలుపు కాదు. ప్లైవుడ్‌లోనూ అంతే, ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణం మామూలు వాడకానికి, ఐఎస్ 710 నీళ్ళని తట్టుకునే మెరైన్ రకానికి. "710 క్వాలిటీ" అని నోటితో చెప్పడం వేరు, షీటు మీద ముద్ర ఉండడం వేరు.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న తగలబడి 72 మంది చనిపోయారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మంటలు పైకి పాకింది బయట బిగించిన, మధ్యలో పాలిథిన్ ఉన్న అల్యూమినియం షీట్ల వల్ల. 2024 సెప్టెంబరులో వచ్చిన విచారణ నివేదికలో కంపెనీల తీరుని పద్ధతి ప్రకారం చేసిన మోసం అన్నంత గట్టిగా తిట్టారు, ఆర్కిటెక్టులనీ వదల్లేదు. నాకు నిద్ర పట్టనివ్వని వివరం ఒకటుంది: ఆ షీటు రివెట్లతో బిగించినప్పుడు ఒక రకంగా, అంచులు మడిచి క్యాసెట్‌లా బిగించినప్పుడు ఇంకా చాలా దారుణంగా మండుతుందని కంపెనీ పరీక్షల్లోనే తేలింది, డిజైనర్లు చూసే సర్టిఫికెట్‌లో మాత్రం ఆ తేడా కనపడలేదు. మన ఊళ్ళలో షాపింగ్ కాంప్లెక్సుల ముందు ఏసీపీ, అంటే ఇలాంటి అల్యూమినియం షీట్లే, బిగించేటప్పుడు లోపలి కోర్ ఏమిటని అడిగేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మేమూ ఒకప్పుడు అడగలేదు.

ఆర్ ఈక్వలెంట్

ఈ రెండు మాటల వల్ల మనం పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఉండకూడదంటే కుదరదు. ఒకే కంపెనీ పేరు రాస్తే క్లయింట్‌కి అనుమానం, కాంట్రాక్టర్‌కి బేరం చేసే వీలుండదు, ప్రభుత్వ పనుల్లోనైతే అసలు ఒప్పుకోరు. సమస్య ఎక్కడంటే, దేనికి ఈక్వలెంట్? రంగుకా, ధరకా, సైజుకా? మేం రాయలేదు కాబట్టి కాంట్రాక్టర్ తనకి కనపడింది, రంగు, పట్టుకున్నారు. నేనూ అదే పట్టుకున్నాను కదా. ఇప్పుడు బీఓక్యూలో గుణాలు ముందు రాసి, "ఈ గుణాలున్న ఏ కంపెనీదైనా, ఉదాహరణకి ఫలానా" అని రాస్తున్నాం. మారుస్తామంటే ఎంపిక కాగితంలోని ఆ నాలుగైదు లైన్లకి ఎదురుగా కొత్త వస్తువు నంబర్లు నింపి పంపాలి. నింపాల్సింది కాంట్రాక్టరే, మేం కాదు. మొదట్లో గొణుక్కున్నారు. "ఇంత చదువు మాకెందుకమ్మా, మీరు చెప్పండి మేం తెచ్చేస్తాం" అని కాకినాడ కాంట్రాక్టర్ గారు, వయసులో మా నాన్నంత ఉంటారు, మొహం మీదే అన్నారు. తర్వాత ఆయనే డీలర్ దగ్గర కూర్చుని నింపించుకుని వస్తున్నారు. బొటనవేలు గుర్తులు మాత్రం ఆఫీసులో నిషేధం. ఓకే అన్న మాట కూడా. "ఎంపిక కాగితం నంబరు 12 ప్రకారం ఆమోదం" అని రాయాలి, టైప్ చేయడానికి బద్ధకం వేసి అయినా ఒకసారి ఆ కాగితం తెరుస్తారని.

సేల్స్ వాళ్ళ గురించి ఒక మాట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇందులో మా తప్పే ఎక్కువ, మేం బొమ్మలు చూసి వాళ్ళని పంపించేసేవాళ్ళం. ఇప్పుడు గురువారం మధ్యాహ్నం మాత్రమే రమ్మంటాం, నడుస్తున్న ప్రాజెక్టులోంచి ఒక నిజమైన చోటు చూపించి, ఇక్కడ మీది పనికొస్తుందా అని అడుగుతాం. ఒక వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ ఆయన మా డ్రాయింగ్ చూసి "ఇక్కడ మాది వేయకండి మేడం, ఎండ తగులుతుంది, ఆరు నెలల్లో పోతుంది" అన్నారు. ఆయన చెప్పిన మిగతా మాటలన్నీ ఆరోజు నుంచి నమ్ముతున్నాం. అలాంటివాళ్ళు ఉద్యోగం మారినా మేం వాళ్ళ నంబర్లు వదులుకోం.

క్యాటలాగే లేని వస్తువుల మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తాండూరు బండ, కడప నల్లరాయి, బేతంచెర్ల రాయి, వీటికి పీడీఎఫ్ లేదు, సేల్స్ మనిషి లేడు, దీపావళి స్వీట్ బాక్సూ లేదు. అందుకే కొత్తగా చేరిన పిల్లల డ్రాయింగుల్లో ఇవి కనిపించవు, సమాచారం దొరికేవే డిజైన్‌లోకి వస్తాయి మరి. వీటికీ ఎంపిక కాగితం రాయడం మొదలుపెట్టాం. ఏ క్వారీ, ఎంత మందం, పై ముఖం సహజంగా వదిలేసిందా, పాలిష్ పట్టిందా, మేమే తడిపి చెప్పులేసుకుని నడిచి చూసిన అనుభవం ఏమిటి. డిన్ పరీక్ష కాదు గానీ మా ఆఫీసు వెనక వాకిట్లో చేసిన పరీక్ష.

ఇంకా కుదరనివి ఉన్నాయి. కంపెనీలిచ్చే రెవిట్ ఫ్యామిలీలు (రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వాడే వస్తువుల 3డీ బొమ్మలు) ఒకటి, కుళాయి లోపలి మరలు కూడా గీసి ఫైలు బరువు పెంచుతారు, ప్రెషర్ ఎంత కావాలో మాత్రం అందులో ఉండదు. పని ఒత్తిడిలో కాగితం తర్వాత రాద్దాంలే అనుకుని టెండర్ అయ్యాక రాసినవీ ఉన్నాయి, అవి కాగితాలు కావు, సాకులు. ఇక పని అయిపోయాక ఈ పేజీలన్నీ క్లయింట్‌కి ఇస్తున్నాం గానీ వాళ్ళు ఏ బీరువాలో పెడతారో ఎవరికి తెలుసు.

కాగితంలో చివరి లైను ఒకటి మా ఆలోచన కాదు. కాకినాడ టైల్స్ మేస్త్రీ చెప్పారు. "అన్నీ రాశారు గానీ మేడం, మిగిలిన డబ్బాలు ఎక్కడ దాచామో కూడా రాసుకోండి, రేపు ఒక పలక పగిలితే అదే కావాలి" అన్నారు. నిజమే, షేడ్, బ్యాచ్ మారితే అదే కోడ్ టైలు కూడా పక్కపక్కన అతుకులా కనపడుతుంది. రాశాం: కారిడార్ టైలు, 6 డబ్బాలు, లిఫ్ట్ మెషిన్ రూమ్ పక్క స్టోర్.

పోయిన నెల ఆసుపత్రి మేనేజర్ ఫోన్ చేశారు, రెండో అంతస్తు కారిడార్‌లో ఆక్సిజన్ పైపు పని కోసం 5 టైళ్ళు పగలగొట్టారట, ఏ టైలో చెప్పమని. ఈసారి కాగితం తీయడానికి మూడు నిమిషాలు పట్టింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ సిరీస్ ఆగిపోయింది, ఈక్వలెంట్ పంపిస్తామన్నారు. అక్కర్లేదని చెప్పి మేనేజర్‌ని స్టోర్ తెరిపించమన్నాను. 6 డబ్బాలుండాల్సింది 4 ఉన్నాయి. మిగతా రెండు డాక్టర్ గారింట్లో వాషింగ్ మెషిన్ కింద ఉన్నాయని సాయంత్రానికి తెలిసింది.